ముఖ్య అతిథి వేసిన మొదటి ఎత్తు

పోయిన నెల ఎడ్లపాడు నుంచి స్రవంతి అనే అమ్మాయి ఫోన్ చేసింది. చదరంగం పోటీలకు ఆర్బిటర్‌గా పరీక్ష ప్యాసై ఇంకా ఏడాది కాలేదు.

"మాస్టారూ, ఆదివారం స్కూలు పిల్లలకు పోటీ పెట్టాం. ఎవరో పెద్దాయన ముఖ్య అతిథిగా వస్తన్నాడంట. మొదటి బోర్డు మీద మొదటి ఎత్తు ఆయనే వేస్తాడంట, ఫోటో కోసం. ఆయన పిచ్చెత్తు వేస్తే ఏం చెయ్యాలండీ?"

"చూసుకుని చెయ్యమ్మా. పెద్దవాళ్ళతో గొడవ దేనికి?" అన్నాను.

ఫోన్ పెట్టేశాక నా మీద నాకే ఒళ్ళు మండింది. ఏడెనిమిదేళ్ళ కిందట సరిగ్గా ఈ బుద్ధితోనే నేను ఒక కుర్రాడి ఆటను పాడుచేశాను. అతనిప్పుడు గ్రాండ్‌మాస్టర్. పేపర్లవాళ్ళు అతని గెలుపుల గురించి రాస్తున్నారు, మన ఊళ్ళవాళ్ళు అతని ఫ్లెక్సీలు కడుతున్నారు. మనం అతనికి ఏం చేశామో మాత్రం ఎవరూ రాయడం లేదు. స్రవంతికీ, ఆ అమ్మాయిలాగా కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకూ అది తెలియాలి. అందుకే ఇది రాస్తున్నాను.

ఆర్బిటర్ ఏం చేస్తాడు

నాకు జీతం ఇచ్చింది నరసరావుపేటలో ఒక హైస్కూలు. అక్కడ వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. పిల్లలచేత కబడ్డీ ఆడించాను, పరుగులు పెట్టించాను. కానీ నా పని ఏమిటని ఎవరైనా అడిగితే ఆర్బిటర్‌నని చెప్పుకునేవాణ్ణి. ఆదివారాలు, దసరా సెలవులు, వేసవి సెలవులు అన్నీ చదరంగం బల్లల మధ్య నడవడంలోనే గడిచిపోయాయి.

ఆర్బిటర్ ఆడడు. ఆడేవాళ్ళ ఆట ఆడేవాళ్ళదే అయ్యేలా చూస్తాడు. పని మొత్తం ఇంతే. గడియారాలు సరిచేయడం, పేర్లు జతపరచడం ఎవరైనా నేర్పుతారు. బయటి చెయ్యి బల్లమీదికి రాకుండా చూడటం ఎవరూ నేర్పరు.

మన వైపు బయటి చేతులు ఎక్కువ. పిడుగురాళ్ళ పోటీలో ఒక తండ్రి కిటికీ అవతల నిలబడి కొడుకు ఆట చూస్తుండేవాడు. తువ్వాలు ఎడమ భుజం మీదికి మారిస్తే కొడుకు వెంటనే "డ్రా చేసుకుందామా" అని అవతలి పిల్లాణ్ణి అడిగేవాడు. కుడి భుజం మీదికి మారిస్తే నోరు మూసుకుని ఆడేవాడు. రెండు రౌండ్లు గమనించి బయటికి వెళ్ళాను.

"ఏందయ్యా, నా తువ్వాల నా ఇష్టం గాదా? చెమట పడితే తుడుచుకోకూడదా?" అన్నాడు.

"తుడుచుకోండి. ఆ వేపచెట్టు అవతలికి పోయి తుడుచుకోండి."

"ఆడ నీడ లేదయ్యా!"

"చెట్టు కింద నీడ లేకపోవడమేందండీ?"

వెళ్ళాడు. ఆ తర్వాత రౌండులో తువ్వాలు లేని ఆ కుర్రాడు తన సొంత బుర్రతో ఆడి గెలిచాడు. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆ తండ్రే. ఇలాంటివి నేను బాగానే చేశాను. తువ్వాలువాళ్ళ మీద నాకు ధైర్యం ఎప్పుడూ తక్కువ కాలేదు. ఇస్త్రీ ఖద్దరు చొక్కాల దగ్గరే తక్కువైంది.

వెంకటప్పయ్య గారు

నాకు పని నేర్పింది సత్తెనపల్లి వెంకటప్పయ్య గారు. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. జిల్లాలో ఏ పోటీ జరిగినా ఆయనే ముఖ్య ఆర్బిటర్. మంచి మనిషని చెప్పలేను. చిన్నపిల్లలు కుర్చీ చప్పుడు చేస్తే ఏడిపించేదాకా కసిరేవారు. అది తప్పే. కానీ ఒక విషయంలో ఆయన కాలిగోటికి నేను సరిపోలేదు.

ఆట మధ్యలో ఒక కుర్రాడి జేబులో ఫోన్ మోగింది. మోగితే ఆ ఆట ఓడినట్టే, అది నియమం. వెంకటప్పయ్య గారు గడియారం ఆపి, ఫలితం రాసి, కుర్రాణ్ణి లేవమన్నారు. అరగంటలో ఆ కుర్రాడి తండ్రి వచ్చాడు. ఎస్సై. యూనిఫాంలోనే వచ్చాడు.

"ఏందయ్యా ముసలాయనా, నేనెవరో తెలుసా?"

"తెలుసండి. ఫోన్ మోగిన కుర్రాడి నాన్నగారు."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఎస్సై కొడుకును జీపెక్కించుకుని వెళ్ళిపోయాడు. నేను సోడాలు తెప్పించాను. వెంకటప్పయ్య గారు సోడా తాగుతూ నాతో అన్న మాట ఇది:

"ఒరేయ్, గడియారం తిరిగేటప్పుడు నోరు తెరిచేవాడే ఆర్బిటర్. ఆట అయిపోయి, ఇద్దరూ సంతకాలు పెట్టినాక నువ్వు ఎంత న్యాయం జెప్పినా అది అరుగు మీద కబురే."

ఆ మాట నేను ఎంతోమందికి చెప్పాను. చెప్పడం వేరు.

మాచర్ల నుంచి వచ్చిన కుర్రాడు

చెన్నకేశవది మాచర్ల. ఊరి దేవుడి పేరే పెట్టారు. తండ్రి నాపరాళ్ళ లారీ డ్రైవరు. లోడు కోసం ఎదురుచూసే డ్రైవర్లు లారీ ఆఫీసు దగ్గర ఒక నాపరాయి మీద మేకుతో గడులు గీసుకుని చదరంగం ఆడేవాళ్ళు. పోయిన పావుల బదులు సీసా మూతలు. కేశవ ఆట నేర్చింది ఆ రాతి మీద. మొదటిసారి నరసరావుపేట పోటీకి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకు అందలేదు. చెక్క పావులు చూసి, "ఇయ్యన్నీ ఉన్నయ్యే! మూతలు లేవు గదా!" అన్నాడు. ఆ రోజు తనకంటే పెద్దవాళ్ళను నలుగురిని ఓడించాడు.

తల్లి కోటేశ్వరమ్మ బస్టాండు పక్కన జాకెట్లు కుట్టేది. కొడుకుతో బస్సులో వచ్చి, హాలు బయట మెట్ల మీద కూర్చుని, వెంట తెచ్చుకున్న జాకెట్లకు హుక్కులు కుడుతూ ఉండేది. మిగతా తల్లిదండ్రులు కిటికీల దగ్గర తోసుకుంటుంటే ఆవిడ ఒక్కసారి కూడా లోపలికి తొంగిచూసేది కాదు.

"మీ వాడి ఆట చూడరా అమ్మా?" అని ఒకసారి అడిగాను.

"నేను జూస్తే గెలుస్తాడా మాస్టారూ? నాకు తెలవని పనిలో నేనేల దూరతా? ఆడి పని ఆడు జేసుకుంటాడు, నా పని నేను జేసుకుంటన్నా."

ఆర్బిటర్ పరీక్షకు చదివించే ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా రాసి లేదు.

కల్యాణమండపంలో చివరి రౌండు

పదిహేనేళ్ళ లోపు పిల్లలకు రాష్ట్ర ఎంపిక పోటీలు ఆ ఏడు నరసరావుపేటలో పెట్టారు. మొదటి ఇద్దరు జాతీయ పోటీకి వెళతారు. అక్కడ రాణిస్తే విదేశీ పోటీలకు దారి దొరుకుతుంది, మంచి శిక్షకుల కళ్ళలో పడతారు. కేశవకు ఆ వయసు విభాగంలో అదే ఆఖరి ఏడు. ముఖ్య ఆర్బిటర్‌ని నేను.

నిర్వాహకుడు సాంబశివరావు. మిర్చి కోల్డ్ స్టోరేజీల యజమాని. చెడ్డవాడు కాదు, కానీ ఏ పని చేసినా అది నాయకుడి కంట్లో పడాలి. నాయకుడి పేరు ఇక్కడ అక్కర్లేదు. ఆయన స్థానంలో ఇంకొకరు ఉన్నా అదే చేసేవారు. ఆయన చదరంగానికి ఒక హాలు కట్టిస్తానని మాటిచ్చాడు. సాంబశివరావు ఆ మాట నాకు మోసుకొచ్చాడు. "నీ కల నెరవేరబోతోంది మాస్టారూ, ఆయన్ను కాస్త సంతోషపెట్టాలంతే" అన్నాడు. నరసరావుపేటలో చదరంగానికి సొంత హాలు ఉండాలన్నది నా పాతికేళ్ళ పిచ్చి. పెళ్ళిళ్ళు లేని రోజులు చూసుకుని మండపాలు అడుక్కునే బాధ తప్పుతుందని నా ఆశ. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత నేను చేసింది భయంతో చేశానని కొంతకాలం నాకు నేనే చెప్పుకున్నాను. భయం సగమే. మిగతా సగం ఆ హాలు.

నాయకుడు మొదటి రోజు ప్రారంభోత్సవానికి రావాలి. రాలేదు. చివరి రోజు చివరి రౌండుకు వస్తానని కబురుపెట్టాడు. పిల్లలు బల్లల ముందు కూర్చుని గంటకు పైగా ఎదురుచూశారు. ఆ రౌండులో మొదటి బోర్డు మీద కేశవ తెల్లపావులతో ఆడాలి. డ్రా చేసుకున్నా జాతీయ పోటీకి వెళతాడు. ఓడితే మూడో స్థానానికి పడిపోతాడు. అవతలి కుర్రాడు సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చిన సుహాస్. మంచి ఆటగాడు.

నాయకుడు వచ్చాడు. బాణసంచా, దండలు, పాతికమంది అనుచరులు, కెమెరాలు. పెద్ద పోటీల్లో అతిథి చేత మొదటి బోర్డు మీద లాంఛనంగా ఒక ఎత్తు వేయించడం ఆనవాయితీ. ఆ పావును మళ్ళీ దాని గడిలో పెట్టి, ఆటగాడు తన ఎత్తు తాను వేసుకోవచ్చు. లేదా అతిథే ముందుగా ఆటగాణ్ణి అడిగి అతను చెప్పిన ఎత్తు వేస్తాడు. నాయకుడు ఎవరినీ అడగలేదు. రాజు వైపు గుర్రం ముందున్న బంటును రెండు గడులు ముందుకు తోశాడు. ఆట తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇంట్లో దొంగలు పడతారని తెలిసీ తలుపు తీసిపెట్టడం లాంటి ఎత్తది. రాజుకు మరుగు పోతుంది.

ఫోటోలు తీశారు. కేశవ చెయ్యి చాపి ఆ బంటును వెనక్కి పెట్టబోయాడు.

"ఏందిరా అబ్బాయ్, నే వేసింది నచ్చలేదా?" అన్నాడు నాయకుడు నవ్వుతూ. "ఉంచరా. మన చెయ్యి చానా మంచిది. నే శంకుస్థాపన జేసిందేదీ ఆగలేదు."

అనుచరులు పడీపడీ నవ్వారు. "అన్న చెయ్యి పడితే గెలుపేరా!" అన్నాడొకడు. కేశవ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నా వైపు చూశాడు.

అవతల కూర్చున్న సుహాస్ కూడా నా వైపే చూశాడు. వాడు నెమ్మదిగా అన్నాడు, "సార్, వెనక్కి పెట్టుకోమనండి సార్. నాకేం ఇబ్బంది లేదు."

పద్నాలుగేళ్ళ పిల్లాడు. జాతీయ పోటీకి వెళ్ళాలంటే వాడు ఈ ఆట గెలవాలి. వాడికి తెలిసిన న్యాయం నాకు తెలియక కాదు. ముట్టుకున్న పావు కదపాలన్న నియమం ఆడేవాడి చేతికి వర్తిస్తుంది, అతిథి చేతికి కాదు. నేను నోరు తెరవాల్సింది ఒక్క క్షణం. సాంబశివరావు నాయకుడి భుజం వెనక నుంచి నాకు కళ్ళతోనే దణ్ణం పెడుతున్నాడు.

"ఆడు బాబూ, ఇప్పటికే ఆలస్యమైంది" అన్నాను.

కేశవ గడియారం నొక్కాడు.

నాయకుడు ఇంకాసేపు అక్కడే నిలబడి వెళ్ళిపోయాడు. కేశవ రెండు గంటలకు పైగా పోరాడాడు. ఆ తెరిచిన వైపు నుంచే సుహాస్ ఏనుగును లోపలికి దింపాడు. కేశవ ఓటమి ఒప్పుకుని రాజును పడుకోబెట్టి, చెయ్యి కలిపి, సంతకం పెట్టాడు. ఆ కాగితం మీద నేనూ సంతకం పెట్టాను.

మెట్ల మీద కోటేశ్వరమ్మ సూదిని జాకెట్టుకు గుచ్చి లేచింది. కొడుకు ఏం చెప్పాడో గానీ నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఏంది మాస్టారూ, నా కొడుకు ఎత్తు ఆయనెవరో ఏసిండంట, నువ్వు ఊరుకున్నవంట. నిజమేనా?"

"అమ్మా, ఆయన పెద్దమనిషి..."

"పెద్దమనిషయితే ఆయన కొడుకు ఆట ఆయన్ను ఆడుకోమను. నేను జాకెట్టు కత్తిరించేటప్పుడు ఆయనొచ్చి కత్తెర పట్టుకుంటే ఊరుకుంటనా? గుడ్డ ఎవురిదయ్యా?" గొంతు పెంచలేదు. అందరూ వింటున్నారని ఆగలేదు. "నిన్ను నమ్మి మెట్ల మీద కూసున్నా నేను. ఆ కిటికీకాడ ఏలాడేటోళ్ళే నయం."

కొడుకు భుజం మీద చెయ్యి వేసి బస్టాండు వైపు నడిచింది.

మన చేతుల మీదుగా కాదు

గ్రాండ్‌మాస్టర్ కావడమంటే ఒక పోటీ గెలవడం కాదు. బలమైన ఆటగాళ్ళున్న పోటీల్లో మూడుసార్లు ఒక ఎత్తైన గీత దాటాలి. దాటాలంటే ముందు అక్కడికి చేరాలి, ఆ దారి జాతీయ పోటీల మీదుగానే పోతుంది. ఆ ఏడు కేశవకు ఆ దారి మూసుకుపోయింది. తర్వాతి ఏడు వయసు విభాగం మారింది, తనకంటే పెద్దవాళ్ళతో మొదటి మెట్టు నుంచి ఎక్కవలసి వచ్చింది. బడికి రావడం లేదని అతను చదివే స్కూలు హాజరు పట్టీలోంచి పేరు తీసేసింది. హైదరాబాదులో పిన్ని ఇంట్లో ఉండి, ఓపెన్ స్కూల్లో చదివి, పరాయి దేశాల్లో చవక గదుల్లో నేలమీద పడుకుని, పెరుగులో ఇంటి నుంచి తెచ్చుకున్న పొడి కలుపుకుని తిని ఆడాడు. ఇవన్నీ అతను చెప్పలేదు. అతనితో వెళ్ళిన ఇంకో కుర్రాడు చెప్పాడు.

బిరుదు వచ్చిందన్న కబురు తెలిసిన వారంలో పేరు కొట్టేసిన ఆ స్కూలు "మా విద్యార్థి" అని ఫ్లెక్సీ కట్టింది. ఒక కులసంఘం "మా రత్నం" అంది. అది తప్పు, మావాడేనని ఇంకో సంఘం ఎదురు ఫ్లెక్సీ కట్టింది. ఒక సందులో రెండు ఫ్లెక్సీల వాళ్ళూ కలబడ్డారు. లారీ ఆఫీసు దగ్గర ఆ గీతల నాపరాయిని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పగలగొట్టి కంకరలో కలిపేశారు.

ఇక ఆ హాలు. శంకుస్థాపన రాయి ఉంది, నాయకుడి పేరుతో సహా. చుట్టూ కంపచెట్లు పెరిగాయి. మేకలు ఆ రాయికి ఒళ్ళు రుద్దుకుంటాయి. ఆ దారిన వెళ్ళాల్సి వస్తే నేను చుట్టూ తిరిగి వెళతాను.

కోపమంతా ఆ నాయకుడి మీద కుమ్మరించడం తేలిక. ఆయన ఆట తెలియక వేశాడు. సాంబశివరావు ఆయన కోసం చేశాడు. అక్కడ ఆట తెలిసి, నియమం తెలిసి, ఆపే అధికారం ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మన పోటీలన్నీ ఇలా కుళ్ళడానికి నాయకులు కారణం కాదు. వాళ్ళు అడగకముందే దాసోహమనే నాలాంటివాళ్ళే కారణం.

శాలువా

సన్మానం కూడా అదే కల్యాణమండపంలో పెట్టారు. కేశవ రెండు రోజుల్లో ఇంకో పోటీకి విమానమెక్కాలి. అయినా ఊరివాళ్ళు అతన్ని వదలలేదు. టాపులేని జీపులో ఎండలో ఊరంతా తిప్పారు. కోటేశ్వరమ్మ మొదటి వరుసలో కూర్చుంది. చేతిలో సూదీ దారం లేకపోవడంతో ఆవిడ వేళ్ళు ఏం చేయాలో తెలియనట్టు చీర అంచును పట్టుకుని ఉన్నాయి. నన్ను కూడా పిలిచారు. "చిన్నప్పుడు ఈ మాస్టారి నీడనే ఆడాడు" అని నాకూ ఒక శాలువా.

నాయకుడు మైకు తీసుకున్నాడు. "ఇదే హాల్లో, ఇదే బోర్డు మీద, ఈ అబ్బాయి మొదటి ఎత్తు నా చేత్తో నేనేశా. ఆ చేతి చలువే ఇయ్యాల గ్రాండ్‌మాస్టరయ్యాడు!" చప్పట్లు, ఈలలు. వేదిక మీద బోర్డు సిద్ధంగా పెట్టారు. కేశవను తెల్లపావుల వైపు కూర్చోబెట్టారు. నాయకుడు వంగి, కెమెరాల వైపు చూస్తూ, మళ్ళీ అదే బంటును రెండు గడులు తోశాడు.

నేను లేచాను. శాలువా కుర్చీలో పెట్టి, బోర్డు దగ్గరికి నడిచి, బంటును తీసి దాని గడిలో పెట్టాను. మైకు అందుకుని చెప్పాను. "ఆ రోజు ఈ ఎత్తు వల్లే ఈ అబ్బాయి ఓడిపోయాడు. ఒక ఏడాది పోగొట్టుకున్నాడు. వెనక్కి పెట్టించాల్సిన ఆర్బిటర్‌ని నేను. పెట్టించలేదు."

నాయకుడు పకపకా నవ్వాడు. "మాస్టారికి వయసు మళ్ళింది. పావులు సర్దే అలవాటు పోలా!" అందరూ నవ్వారు. సాంబశివరావు నా చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుని భోజనాలు సిద్ధమని ప్రకటించాడు. జనం కుర్చీలు జరుపుకుంటూ లేచారు.

బోర్డు దగ్గర నేనూ కేశవా మిగిలాం. అతను నేను వెనక్కి పెట్టిన బంటునే చూస్తున్నాడు. గడి మధ్యలోకి వచ్చేలా వేలితో కొంచెం సర్దాడు. అతని ముఖంలో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

"పెట్టారు సార్, సంతోషం," అన్నాడు. "ఇప్పుడు గడియారం తిరగట్లేదు గదా."

లేచి, తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. ఇద్దరూ భోజనానికి ఆగలేదు.

స్రవంతీ, నువ్వు అడిగిన దానికి నేను ఫోనులో చెప్పింది తప్పు. అది మర్చిపో. అతిథి ఎవరైనా రానీ, ఏ పావైనా కదపనీ, ఫోటోలు తీసుకోనీ. ఆయన చెయ్యి తీయగానే, గడియారం నొక్కకముందే, కుర్చీలో కూర్చున్న బిడ్డ వైపు తిరిగి అందరికీ వినపడేలా ఒక్క మాట అడుగు. నేను అడగనిది అదే.

"నువ్వేం ఎత్తు వేస్తావమ్మా?"